ఫ్యామిలీ రోడ్ ట్రిప్‌లో స్వెటర్ అల్లడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో అందరూ కలిసి కారులో దూరం వెళ్తున్నామనగానే అల్లిక వచ్చినవాళ్ళకి చేతులు ఆగవు, ఇన్ని గంటలు ఊరికే కూర్చుంటాం కదా ఒక స్వెటర్ మొదలెడదాం అనిపిస్తుంది. అక్కడి నుంచి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. బయల్దేరే ముందు, సామాను సర్దేటప్పుడు, బండి కదులుతున్నప్పుడు, ఆగినప్పుడు, తిరిగొచ్చాక అని విడదీశాను, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: స్వెటర్‌లో బుర్ర పెట్టాల్సిన పని కొంత ఉంటుంది, చేతులు వాటంతటవే చేసుకుపోయే పని చాలా ఉంటుంది. మొదటిది బండి ఆగి ఉన్నప్పుడు చేసుకుని, రెండోదాన్ని రోడ్డు మీదికి తీసుకెళ్ళాలి.

## బయల్దేరే ముందు

ఒక్క ట్రిప్‌లో స్వెటర్ మొత్తం అయిపోతుందా?

లెక్క వేసి చూద్దాం. ఛాతీ చుట్టూ 100 సెం.మీ., పొడవు 60 సెం.మీ. ఉన్న పెద్దవాళ్ళ స్వెటర్, కాస్త లావు ఊలుతో, 10 సెం.మీ.కి అడ్డంగా 18 కుట్లు, నిలువుగా 24 వరసలు వచ్చేలా అల్లితే చేతులతో కలిపి దాదాపు 37 వేల కుట్లు అవుతాయి. అలవాటున్న చెయ్యి నిమిషానికి 25 కుట్లు వేస్తుందనుకుంటే ఆగకుండా 25 గంటల పని. సన్నని ఊలుతో, అంటే 10 సెం.మీ.కి 22 కుట్లు, 30 వరసలు వచ్చేదానితో అయితే అదే సైజుకి 57 వేలు దాటుతుంది, 38 గంటలు పడుతుంది. నాలుగేళ్ళ పిల్లలకైతే లావు ఊలుతో 16 వేల కుట్లలో అయిపోతుంది, పది పదకొండు గంటలు చాలు. ఇంకో సంగతి, రోజుకి ఎనిమిది గంటలు కారులో ఉన్నా ఎనిమిది గంటలూ అల్లలేరు, మూడు నాలుగు గంటలు చేతిలో పడితే గొప్పే. కాబట్టి మూడు నాలుగు రోజుల ట్రిప్ అయితే పిల్లల స్వెటర్ పెట్టుకోండి, లేదా పెద్దవాళ్ళ స్వెటర్‌లో ఒంటి భాగం మాత్రం పూర్తి చేద్దామని అనుకుని వెళ్ళండి.

ఏ రకం స్వెటర్ అయితే కారులో తేలిక? పై నుంచి కిందికా, కింది నుంచి పైకా?

నా ఓటు మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే రాగ్లాన్‌కే, అంటే మెడ నుంచి చంకకి ఏటవాలు గీతలు వచ్చే స్వెటర్‌కే. ముక్కలు ముక్కలుగా అల్లి కుట్టే గొడవ ఉండదు, అంతా ఒకే గొట్టంలా గుండ్రంగా నడుస్తుంది. మెడ నుంచి చంక దాకా నాలుగు ఏటవాలు గీతలు ఉంటాయి, ఒక్కో గీతకి రెండు పక్కలా ఒక్కో కుట్టు చొప్పున, రౌండ్ (ఒక పూర్తి చుట్టు) విడిచి రౌండ్‌లో 8 కుట్లు పెంచుతారు, గుర్తుపెట్టుకోవాల్సింది అంతే. చంక దాటాక పొట్ట భాగం మొత్తం నిట్ కుట్టే (అల్లికలో అన్నిటికన్నా మామూలు కుట్టు), కిటికీలోంచి చూస్తూ కూడా అల్లేయొచ్చు. పైగా మధ్యలో ఎక్కడైనా తొడిగి చూసుకోవచ్చు, పొడవు ఎంత కావాలో అప్పుడే తేల్చుకోవచ్చు.

కింది నుంచి పైకి అల్లేదీ చెడ్డది కాదు, మొదటి రోజే పొట్ట భాగం వస్తుంది కాబట్టి ప్రయాణానికి అదీ సరిపోతుంది. కానీ రెండు చేతులూ పూర్తయ్యాకే అన్నీ కలిపి భుజాల వైపు వెళ్ళాలి, ఆ కలపడం చివరి రోజు అలసటలో పడుతుంది. జడల్లాంటి కేబుల్ డిజైన్లు, లేసు, రెండు మూడు రంగులతో బొమ్మలు వచ్చే స్వెటర్లు మాత్రం ఈ ప్రయాణానికి వద్దు, అవి ఇంట్లో బల్ల ముందు కూర్చుని మనసు పెట్టి చేస్తేనే బాగా కుదురుతాయి.

గేజ్ శాంపిల్ అల్లకుండా డైరెక్టుగా మొదలెట్టొచ్చా, టైం లేదు?

వద్దండి. గేజ్ అంటే 10 సెం.మీ.కి మీ చేతికి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వస్తాయన్న లెక్క. ఇంట్లో అయితే తేడా వస్తే విప్పి ఇంకో సైజు సూది తీసుకుంటారు, దారిలో ఆ సూది ఎక్కడ దొరుకుతుంది. 15 సెం.మీ. చదరం ముక్క అల్లండి, ఉతకండి, ఆరబెట్టండి, ఆ తర్వాత మధ్యలో 10 సెం.మీ. కొలవండి. స్వెటర్ గుండ్రంగా అల్లబోతుంటే శాంపిల్ కూడా గుండ్రంగా అల్లితేనే అసలు లెక్క తెలుస్తుంది, ఎందుకంటే చాలామందికి నిట్ కుట్టు ఒక బిగువులో, పర్ల్ కుట్టు (నిట్‌కి తిరగేసిన కుట్టు) ఇంకో బిగువులో పడతాయి. 18 రావాల్సిన చోట 17 వస్తే ఏమవుతుందిలే అనుకోకండి, 180 కుట్ల స్వెటర్ 100 సెం.మీ.కి బదులు దాదాపు 106 సెం.మీ. అయి కూర్చుంటుంది.

నా దగ్గరున్న ప్యాటర్న్ కరెక్టో కాదో ముందే ఎలా తెలుస్తుంది?

ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అని పెద్ద పేరున్న అల్లిక గురువు ఉండేవారు (1910–1999), ఆవిడ శాతాల లెక్క ఒకటి చెప్పారు. ఛాతీ చుట్టూ ఉండే కుట్లని 100 అనుకుంటే మణికట్టు దగ్గర 20, చెయ్యి పైభాగం 33 ప్రాంతం, మెడ 40, చంక కింద 8. ఆవిడ దీన్ని కింది నుంచి పైకి అల్లే స్వెటర్ కోసం చెప్పారు కానీ ఎటు నుంచి అల్లినా సరిచూసుకోడానికి పనికొస్తుంది. ఉదాహరణకి ఛాతీకి 180 కుట్లుంటే మణికట్టు 36, చెయ్యి పైన 60, మెడ 72, చంక 14. చెయ్యి వదులుగా కావాలనుకునేవాళ్ళు 40 శాతం దాకా వెళ్ళొచ్చు. మీ ప్యాటర్న్ అంకెలు వీటికి మరీ దూరంగా ఉంటే ఇంట్లో ఉండగానే ఒకసారి ఆగి చూసుకోండి.

ఏ ఊలు తీసుకుంటే మంచిది? రంగు ముఖ్యమా?

రంగు చాలా ముఖ్యం. నలుపు, ముదురు నీలం అయితే కదిలే బండిలో కుట్టు కనపడదు, తెల్లది అయితే ప్రయాణం మురికంతా దాని మీదే. మధ్యస్థంగా ఉండే ఒకే రంగు తీసుకోండి. ఊలు విషయానికొస్తే గుండ్రంగా గట్టిగా పేనిన ఉన్ని గానీ, ఉన్ని–యాక్రిలిక్ కలిపింది గానీ బాగుంటుంది, సాగుతుంది కాబట్టి చేతికి శ్రమ తక్కువ, చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళు ఉతికితే సర్దుకుంటాయి. పత్తి దారం సాగదు, చేతులు లాగేస్తాయి, స్వెటర్ కూడా బరువై కిందికి జారుతుంది. నూగు ఎక్కువగా ఉండే మొహైర్ లాంటివి అయితే తప్పు పడినప్పుడు విప్పడమే నరకం, పైగా ఆ నూగు పక్కవాళ్ళ ముక్కులోకి పోతుంది.

ఎంత ఊలు పెట్టుకెళ్ళాలి? మధ్యలో అయిపోతే?

పెద్దవాళ్ళ మామూలు సైజుకి లావు ఊలు అయితే 1000 నుంచి 1200 మీటర్లు, కొంచెం సన్నది అయితే 1200 నుంచి 1400 మీటర్లు అని లెక్క. గ్రాముల కన్నా మీటర్లే చూడండి, ఒకే 50 గ్రాముల ఉండలో ఊలు లావుని బట్టి పొడవు బాగా మారుతుంది.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే మీ శాంపిల్ ముక్కనే వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టండి. 15 సెం.మీ. చదరం అంటే 225 చదరపు సెం.మీ., అది 12 గ్రాములు తూగిందనుకోండి, ఛాతీ 100 సెం.మీ. స్వెటర్ చేతులతో సహా సుమారు 8700 చదరపు సెం.మీ. ఉంటుంది, అంటే దాదాపు 39 శాంపిల్ ముక్కలంత, 465 గ్రాములు కావాలి. దాని మీద పది శాతం ఎక్కువ పెట్టుకుంటే నిశ్చింత. అన్ని ఉండల లేబుల్ మీదా డై లాట్ నంబర్ (ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబర్) ఒకటే ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి, ఒకే రంగు పేరున్నా లాట్ మారితే ఎండలో గీత గీసినట్టు తేడా కనపడుతుంది.

ఇంట్లో ఎంత అల్లుకుని కారెక్కాలి?

కుట్లు ఎక్కించడం, గుండ్రంగా కలపడం, మెడపట్టీ, రాగ్లాన్ గీతల దగ్గర మార్కర్లు (సూది మీద గుర్తుకి పెట్టే చిన్న రింగులు) పెట్టడం, మొదటి నాలుగైదు పెంపు రౌండ్లు. ఇవన్నీ ఇంట్లోనే అయిపోవాలి. ముఖ్యంగా గుండ్రంగా కలిపేటప్పుడు ఎక్కించిన కుట్ల అంచు సూది చుట్టూ మెలి పడిందో లేదో చూడాలి, మెలి పడి కలిపితే ఎంత అల్లినా సరి కాదు, మొత్తం విప్పాల్సిందే. మెలి భయం ఉన్నవాళ్ళు మొదటి రెండు వరసలు బల్లపరుపుగా అల్లి, అంచు స్పష్టంగా కనిపించాక కలిపి, మిగిలిన చిన్న సందుని తోక దారంతో, అంటే మొదట్లో వదిలిన కొసతో కుట్టేయొచ్చు.

## సామాను సర్దేటప్పుడు

పొడుగు సూదులు పనికిరావా, సర్క్యులర్ నీడిల్ కొనాల్సిందేనా?

కారు సీట్లో 35 సెం.మీ. నిటారు సూదులు అంటే ప్రతి కుట్టుకీ పక్కవాళ్ళ డొక్కలో పొడుస్తారు, స్వెటర్ బరువంతా కూడా సూదుల చివర వేలాడి మణికట్లు నొప్పి పెడతాయి. సర్క్యులర్ నీడిల్‌కి చేతిలో ఉండే ముక్క 10–13 సెం.మీ. మాత్రమే, మిగతాది రెండు ముక్కల్నీ కలిపే కేబుల్, అంటే వంగే సన్న తీగ, బరువు ఒళ్ళో పడుంటుంది. ఒంటి భాగానికి 80 సెం.మీ.ది, మెడకి 40 సెం.మీ.ది సరిపోతాయి. చెక్క గానీ వెదురు గానీ అయితే మంచిది, కుట్లని కాస్త పట్టి ఉంచుతాయి, స్టీలు సూదుల మీద కుట్లు జారినంత ఇట్టే జారవు, చెమట చేతులకి కూడా అదే సుఖం. మరీ పదునైన మొనలు ఇంట్లో పెట్టి వెళ్ళండి.

అల్లిక సంచిలో ఏమేం ఉండాలి?

తక్కువ పెట్టండి, వెతుక్కునే పని తగ్గుతుంది. జారిన కుట్టు ఎత్తడానికి ఒక క్రోషా సూది, తాళం పడే మార్కర్లు లేదా చిన్న పిన్నీసులు ఓ పది, మొన మొద్దుగా ఉన్న కుట్టు సూది, కుట్లు ఆపి ఉంచడానికి వేరే రంగు నున్నటి దారం ఒక మీటరున్నర ముక్కలు రెండు మూడు, కొలత టేపు, చిన్న మడత కత్తెర. సూది మొనలకి తొడిగే రబ్బరు టోపీలు తప్పకుండా ఉండాలి, టోపీ లేని సూదితో సంచి సీటు మీద పెడితే ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు. ప్యాటర్న్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోవడంతో పాటు ముఖ్యమైన అంకెలు ఒక అట్టముక్క మీద రాసి సంచిలో పడేయండి, ఫోన్ చార్జింగ్ అయిపోయేది సరిగ్గా అప్పుడే.

కారు ఎండలో పార్క్ చేసి వెళ్తే ఊలుకి ఏమన్నా అవుతుందా?

మూసిన కారులో ఎండకి గంటలోపే బయటి కన్నా 20 డిగ్రీల దాకా వేడి పెరగొచ్చు. ఆ వేడికి ఊలు కాలిపోదు కానీ కిటికీ అద్దం పక్కన రోజూ ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, సగం అల్లిన స్వెటర్ ఒక పక్కే వెలిస్తే చూడ్డానికి బాగోదు. ప్లాస్టిక్ సూదులు వంగొచ్చు. సంచి సీటు కింద నీడలో పెట్టండి, లేదా మీతో తీసుకెళ్ళండి.

## బండి కదులుతున్నప్పుడు

ఏ సీట్లో కూర్చుని అల్లాలి? ముందు సీట్లో పర్లేదా?

వెనక సీటే. ముందు సీట్లో అల్లొద్దని నేను ఖచ్చితంగా చెప్తాను, ఎంత అలవాటున్నా సరే. గుద్దుకున్నప్పుడు ముందు ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో తెరుచుకుంటుంది, దానికీ మీకూ మధ్య చేతుల్లో రెండు సూదులు ఉంటే అవి వచ్చేది మీ ముఖం మీదికే. వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకునే అల్లాలి, ఊలు ఉండ తీసుకోడానికి బెల్టు తీసేయడం, తలుపుకి ఆనుకుని పక్కకి తిరిగి కూర్చోవడం చెయ్యకండి, చాలా బళ్ళకి పక్కల కూడా ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. సూదులు ఒళ్ళోనే, మొనలు ముఖం వైపు కాకుండా కిందికి ఉండేలా పట్టుకోండి. మలుపుల రోడ్డు, బాగా ట్రాఫిక్, వాన, వీటిలో టోపీలు పెట్టి సంచిలో వేసేయండి. డ్రైవింగ్ వంతు మీదైతే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా ముట్టుకోవద్దు.

కారులో కిందికి చూస్తే నాకు కళ్ళు తిరిగి వాంతి వస్తుంది, అయినా అల్లాలని ఉంది, దారి ఉందా?

ఉంది. లోపలి చెవి శరీరం కదులుతోందని చెప్తుంటే కళ్ళు మాత్రం ఒళ్ళోని కదలని స్వెటర్‌ని చూస్తుంటాయి, ఈ రెండు కబుర్లూ కలవక వికారం పుడుతుంది. కాబట్టి కళ్ళని దూరంగా రోడ్డు మీద, ఆకాశం నేలా కలిసే చోట ఉంచి, చేతులతో తడుముతూ అల్లాలి. నిట్ కుట్టు మాత్రమే ఉన్న భాగం తీసుకెళ్ళమనేది అందుకే. వెనక సీటులో మధ్యలో బెల్టు ఉంటే అక్కడ కూర్చోండి, ముందు అద్దం లోంచి రోడ్డు కనపడుతుంది. నేరుగా పోయే వెడల్పు రోడ్డు మీద అల్లండి, కొండ మలుపులు రాగానే ఆపేయండి. నోట్లో నీళ్ళు ఊరడం, ఆవలింతలు, చెమట మొదలైతే ఇంకో వరస అని సాగదీయొద్దు, వెంటనే దించేసి గాలి తగలనివ్వండి. వికారానికి మందు వేసుకోవాలనుకుంటే డాక్టర్నో మందుల షాపులోనో అడిగి వేసుకోండి, కొన్నింటికి బాగా నిద్ర వస్తుంది.

చూడకుండా అల్లడం ఎలా నేర్చుకోవాలి? నాకు ప్రతి కుట్టూ చూస్తే గానీ రాదు

ట్రిప్‌కి రెండు మూడు వారాల ముందు మొదలెట్టండి. ఏదన్నా వింటూ గుండ్రంగా నిట్ మాత్రమే అల్లండి, పది కుట్లకోసారి మాత్రమే చూడండి, తర్వాత ఇరవైకి, తర్వాత మార్కర్ నుంచి మార్కర్‌కి. ఎడమ చూపుడు వేలి కొనతో తర్వాతి కుట్టు ఎక్కడుందో తాకుతూ ఉండండి, కుడి సూది మొన దాని ముందు కాలు (కుట్టు ఉచ్చులో మన వైపున్న పోగు) కింద దూరిందో లేదో వేలికే తెలుస్తుంది. ఊలు దారం చీలిపోతే కూడా వేలికి గరుగ్గా తగులుతుంది. కళ్ళు మూసుకుని ఒక రౌండ్ మొత్తం అల్లి తర్వాత లెక్కపెట్టుకోండి, లెక్క సరిపోయిందంటే మీరు రెడీ. ఇది వచ్చిన రోజు నుంచి అల్లిక రుచే మారిపోతుంది, నిజంగా.

గతుకులో కుట్టు జారిపోయింది, ఏం చెయ్యాలి?

ముందు కంగారుగా లాగకండి, లాగితేనే అది కిందికి పరిగెడుతుంది. జారిన కుట్టులోకి ఒక పిన్నీసు దూర్చి తాళం వేసేయండి, ఇక అది ఎక్కడికీ పోదు. పైన కుట్లు సాగదీయకుండా అల్లుకుంటూ వెళ్ళొచ్చు, లేదా అక్కడే ఆపొచ్చు. బండి ఆగాక క్రోషా సూది కుట్టులోకి ముందు వైపు నుంచి దూర్చి, పైనున్న అడ్డదారాన్ని ఒక్కోటి లాగుతూ నిచ్చెన ఎక్కినట్టు పైకి తెచ్చి సూది మీద పెట్టండి.

మరీ భయంగా ఉంటే లైఫ్‌లైన్ వేసుకోండి, అంటే రోజూ పొద్దున బయల్దేరే ముందు సూది మీదున్న కుట్లన్నిట్లోంచీ వేరే రంగు సన్న దారం దూర్చి వదిలేయడం. ఆ రోజు ఏం జరిగినా ఆ దారం దాకా ధైర్యంగా విప్పొచ్చు.

వరసలు ఎన్ని అయ్యాయో మర్చిపోతున్నాను, ఎవరో ఒకరు మధ్యలో పలకరిస్తారు

గుర్తుపెట్టుకోవడం మానేయండి, స్వెటర్‌నే గుర్తుపెట్టుకోనివ్వండి. ప్రతి పదో రౌండ్‌లో మొదటి కుట్టుకి ఒక పిన్నీసు తగిలించండి, పిన్నీసులు లెక్కపెడితే సరి. రాగ్లాన్ పెంపు రౌండ్ అయిందో లేదో అనుమానం వస్తే మార్కర్ పక్కన చూడండి, పెంచిన కుట్టు కింది వరసలో మొదలైనట్టు కనిపిస్తే ఇప్పుడు మామూలు రౌండ్ అన్నమాట. పొట్ట భాగంలోనైతే వరసలు లెక్కపెట్టే అవసరమే లేదు, టేపుతో కొలుచుకోవడమే.

ఊలు ఉండ సీటు కిందికి దొర్లిపోతోంది

ఉండని లోపలి కొస నుంచి లాగేలా చుట్టుకోండి, అప్పుడు అది కదలదు. జిప్పున్న సంచిలో వేసి చిన్న సందు వదిలి దారం బయటికి తీసి, సంచి పట్టీని మీ చేతికో సీటు బెల్టు పక్కనో తగిలించుకోండి.

పక్కన పిల్లలు ఉంటారు, సూదులు లాగుతారు, ఎలా?

చిన్న పిల్లల సీటు పక్కనే కూర్చోవాల్సి వస్తే వాళ్ళు మెలకువగా ఉన్నంతసేపు సూదులు బయటికి తీయకండి, దీనికి వేరే ఉపాయం లేదు. కాస్త పెద్దపిల్లలైతే వాళ్ళని పనిలో కలుపుకోండి: మార్కర్లు ఇచ్చే పని ఒకరిది, పదో రౌండ్ అవగానే పిన్నీసు అందించే పని ఇంకొకరిది. ఏడెనిమిదేళ్ళ వాళ్ళకి సూదులు లేకుండా వేళ్ళతోనే అల్లే గొలుసు నేర్పించండి, మిగులు ఊలు చాలు, అరగంట చప్పుడుండదు. ఆ స్వెటర్ వాళ్ళదే అయితే ఉత్సాహం ఇంకా ఎక్కువ, ఎంత వచ్చిందో ప్రతి ఆగిన చోటా కొలిపించుకుంటారు.

నేను అల్లుతుంటే ఇంట్లోవాళ్ళు "మాతో లేవు" అంటున్నారు

చేతులు పనిలో ఉంటే చెవులు ఖాళీగా ఉంటాయి, ఫోన్ చూసేవాళ్ళ కన్నా అల్లేవాళ్ళే ఎక్కువ మాట వింటారని నా అనుభవం. కానీ ఒకటి, "ష్, లెక్కపెడుతున్నా" అనే మాట పదేపదే వస్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. లెక్క అక్కర్లేని భాగమే కారులోకి తెచ్చుకోండి, మాట్లాడేవాళ్ళ వైపు తల ఎత్తి చూడండి, దారిలో ఏదన్నా చూడమంటే సూదులు దించి చూడండి. స్వెటర్ రేపు కూడా అల్లొచ్చు.

చీకటి పడ్డాక లైటు వేసుకుని అల్లొచ్చా?

కారు లోపల లైటు వేస్తే ముందు అద్దం మీద ప్రతిబింబం పడి డ్రైవ్ చేసేవాళ్ళకి బయట సరిగ్గా కనపడదు. తలకి పెట్టుకునే లైటు ఇంకా ఘోరం, మీరు తల ఎత్తినప్పుడల్లా అద్దంలో వాళ్ళ కళ్ళలో కొడుతుంది. చూడకుండా అల్లడం బాగా వస్తే చీకట్లో నిట్ రౌండ్లు వేసుకోండి, రాకపోతే ఆ రోజుకి ఆపేయండి.

మణికట్లు, భుజాలు లాగుతున్నాయి

కారులో మోచేతులకి ఆసరా లేక భుజాలు పైకి లేచిపోతాయి, నొప్పి అక్కడ మొదలవుతుంది. ఒళ్ళో దిండో మడిచిన దుప్పటో పెట్టుకుని దాని మీద చేతులు ఆనించండి. అరగంటకోసారి సూదులు దించి వేళ్ళు బాగా చాచండి, మణికట్టు నెమ్మదిగా ముందుకీ వెనక్కీ వంచండి. వేళ్ళు తిమ్మిరెక్కితే ఆ రోజుకి చాలు. తిమ్మిరి రోజుల తరబడి పోకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

## ఆగినప్పుడు, రాత్రి బస దగ్గర

చేతుల కుట్లు విడదీసే పని ఎప్పుడు పెట్టుకోవాలి?

రాత్రి బసలో, మంచి వెలుతురులో, బల్ల మీద. మెడ నుంచి కిందికి వచ్చే స్వెటర్‌లో అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది ఈ ఒక్క రౌండే. మార్కర్ల మధ్య చేతికి చెందిన కుట్లన్నీ కుట్టు సూదితో వేరే రంగు దారం మీదికి ఎక్కించి ముడేయాలి, చంక కింద కొత్త కుట్లు ఎక్కించాలి, అవతలి వైపూ అదే చెయ్యాలి. మొదట ముందుభాగం, వెనకభాగం, రెండు చేతుల కుట్లు విడివిడిగా లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. రెండు చేతులకీ ఒకే సంఖ్య రావాలి. అది సరిపోయాక ఒక రౌండ్ అల్లి పడుకోండి, పొద్దున కారెక్కగానే ఆలోచన లేకుండా గుండ్రంగా వెళ్ళిపోవచ్చు.

సగంలో తొడిగి చూడాలంటే ఎలా?

కుట్లన్నీ పొడుగు దారం మీదికి మార్చండి, లేదా కేబుల్ మార్చుకునే సూదులైతే 120 సెం.మీ. కేబుల్ తగిలించి చివర్లు మూసేయండి. తొడిగాక చంక దగ్గర లాగుతోందా, మెడ వెనక పైకి ఎక్కుతోందా చూడండి. ఉతికాక పొడవు మారొచ్చు కాబట్టి మీ శాంపిల్ ఉతికినప్పుడు ఎంత సాగిందో గుర్తుంచుకుని నిర్ణయించండి.

కొత్త ఉండ ఎలా కలపాలి?

చంక కింద పక్కన కలిపితే కనపడదు, 15 సెం.మీ. తోకలు రెండు పక్కలా వదిలేయండి. మామూలు ఉన్ని అయితే ముడి అక్కర్లేదు: రెండు కొసల పోగులూ విడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నీళ్ళతో తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే వేడికి అతుక్కుపోతాయి. సూపర్‌వాష్ (మెషిన్‌లో ఉతకడానికి వీలుగా తయారుచేసింది) అని రాసున్న ఉన్నికీ యాక్రిలిక్‌కీ ఇది పనిచెయ్యదు.

దారిలో ఊలు సరిపోదని అర్థమైంది, ఇప్పుడేం చెయ్యను?

ఒంటి పొడవు దగ్గర ఆపి, కుట్లు దారం మీద పెట్టి, మిగిలిన ఊలుతో ముందు రెండు చేతులూ అల్లండి. చేతులయ్యాక ఎంత మిగిలితే అంత పొట్ట భాగానికి. చివరి రిబ్ (సాగే అంచు పట్టీ), మణికట్టు పట్టీలు వేరే రంగుతో వేసినా కావాలని వేసినట్టే అందంగా ఉంటుంది. అదే రంగు వేరే లాట్ ఉండ దొరికితే రెండు రౌండ్లు పాతది, రెండు రౌండ్లు కొత్తది మార్చి మార్చి అల్లండి, తేడా కలిసిపోతుంది.

చేతులు కూడా కారులో అల్లొచ్చా?

అల్లొచ్చు కానీ పొట్ట భాగమంత హాయిగా ఉండదు, ఎందుకంటే చెయ్యి అల్లుతూ తిప్పినప్పుడల్లా స్వెటర్ మొత్తం ఒళ్ళో తిరగాలి. రెండు చివర్లా మొన ఉండే చిన్న డబుల్ పాయింట్ సూదులు ఐదు పెట్టుకుని కారులో కూర్చోవద్దు, ఒకటి జారిందంటే సీటు సందుల్లో దొరకదు. పొడుగు కేబుల్‌తో మ్యాజిక్ లూప్ చెయ్యండి, అంటే కుట్లని రెండు సగాలు చేసి మిగులు కేబుల్‌ని మధ్యలోంచి ఉచ్చులా బయటికి లాగి అల్లడం. తగ్గింపుల లెక్క ముందే రాసుకోండి: చెయ్యి పైన 60 కుట్లు, మణికట్టు 36 అయితే 24 తగ్గాలి, రౌండ్‌కి రెండు చొప్పున 12 సార్లు, మామూలు పొడవు చేతికి ఏడు రౌండ్లకోసారి తగ్గిస్తే సరిపోతుంది.

## తిరిగొచ్చాక

కారులో అల్లిన భాగం, ఇంట్లో అల్లిన భాగం వేరువేరుగా కనపడుతున్నాయి

కదిలే బండిలో, అందులోనూ డ్రైవింగ్ చూసి భయపడేవాళ్ళకి, చెయ్యి బిగుసుకుంటుంది. ప్రయాణంలోనే ప్రతి 10 సెం.మీ.కి ఒకసారి గేజ్ కొలుచుకుంటే తేడా పెద్దది కాకముందే తెలుస్తుంది, బిగుస్తోందంటే పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్ద సూదికి మారొచ్చు. అయిపోయాక చూసుకుంటే మాత్రం ముందు ఉతికి చూడండి, ఉన్నిలో చాలా తేడా నీళ్ళలో సర్దుకుంటుంది. 10 సెం.మీ.కి ఒక కుట్టు పైన తేడా ఉంటే ఆ భాగం విప్పి మళ్ళీ అల్లడమే మంచిది, రోజూ వేసుకునే బట్ట కదా.

మొదటిసారి ఉతకడం ఎలా?

దారపు తోకలన్నీ లోపలికి కుట్టేశాక గోరువెచ్చని నీళ్ళలో ఉన్ని బట్టల సబ్బు కొద్దిగా వేసి ఇరవై నిమిషాలు నాననివ్వండి. రుద్దొద్దు, పిండొద్దు, ఎత్తేటప్పుడు రెండు చేతులతో కింద నుంచి పట్టి ఎత్తాలి. టవల్‌లో చుట్టి ఒత్తి నీళ్ళు తీసి, బల్లపరుపుగా పరిచి కొలతలకి సర్ది ఆరనివ్వండి. హ్యాంగర్‌కి వేలాడదీస్తే భుజాలు సాగిపోతాయి. సూపర్‌వాష్ ఉన్ని తడిసినప్పుడు బాగా సాగినట్టు కనపడుతుంది, కంగారొద్దు. యాక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టె ఆనించకండి, వేడికి ఊలు చచ్చుపడి జీవం లేకుండా వేలాడుతుంది, మళ్ళీ మామూలు కాదు.

ట్రిప్ అయిపోయింది, స్వెటర్ సగంలో ఆగిపోయింది, మళ్ళీ ఎలా మొదలెట్టాలి?

సంచి అటక మీద పెట్టకముందే ఒక చీటీ రాయండి: సూది సైజు, ఎన్ని కుట్లు ఉన్నాయి, ఎక్కడ ఆపారు, ఇంకా ఏం మిగిలింది. ఆ సూదిని ఇంకో పనికి తీసుకోకండి, తప్పదంటే కుట్లు దారం మీదికి మార్చి సైజు చీటీలో రాయండి. చాలా రోజులు ఆగితే సూది దగ్గర వరస సాగి గీతలా పడుతుంది, అందుకని మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఒక రౌండ్ విప్పి, కుట్లు తిరిగి ఎక్కించి అక్కడ నుంచి అల్లండి. మొదటి రెండు రౌండ్లు బిగువు తేడాగా ఉంటుంది, ఓ పావుగంట శాంపిల్ ముక్క మీద చెయ్యి ఆడించి ఆ తర్వాత స్వెటర్ పట్టుకుంటే ఆ తేడా కూడా రాదు.